ఒక్క కప్పీ, రెండు బరువులు

చిరంజీవి కోడలు పిల్లకు,

అత్తయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమందరం క్షేమం. అలవాటుకొద్దీ రాసిన మాట కాదిది. ఒక్కొక్కరి మొహం తలుచుకుని, అవును, వీడు బాగానే ఉన్నాడు, ఈమె బాగానే ఉంది అనుకుని మరీ రాశాను. నువ్వు కూడా ఆ చలిదేశంలో వేళకింత తింటూ, చెవులకు గుడ్డ కట్టుకుని తిరుగుతున్నావని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం అందింది. "ఫోన్లో మీరు 'అంతా బాగే' అని పెట్టేస్తున్నారు అత్తయ్యా, ఈసారి కాగితం మీద రాయండి, కాగితం మీద మీకు అబద్ధం రాదు" అన్నావు. గడుసుదానివి. నిజమే, నోటితో అయితే మాట దాటేయొచ్చు. కాగితం ముందు కూర్చుంటే అది కదలకుండా మన మొహంలోకే చూస్తూ ఉంటుంది. నువ్వు అడిగినవాటికి వరుసగా జవాబు రాస్తాను. ఒక్క ప్రశ్నను మాత్రం చివరికి ఉంచుకుంటున్నాను. కాగితాలు తిప్పేసి ముందు అది చదవకు. నా మీద ఆన.

నా మోకాళ్ళ సంగతి అడిగావు. ఉన్నాయి. మెట్లు దిగేటప్పుడు నాకంటే ముందు అవే కేకలు పెడతాయి. మన పోతల షెడ్డు మేస్త్రీకి నువ్వు పంపిన కళ్ళద్దాలు చక్కగా సరిపోయాయి. అవి పెట్టుకున్న దగ్గరినుంచి ఆయనకు అందరి పనిలోనూ వంకలే కనిపిస్తున్నాయి. "కోడలమ్మ మాకు కళ్ళద్దాలు కాదు, కష్టాలు పంపింది" అని పనివాళ్ళు నిన్ను తిట్టుకుంటున్నారు. ఇంతకీ నువ్వు వెళ్ళిన పని ఎంతవరకు వచ్చింది? నీ ఇసుక యంత్రంలో జిగురు చిమ్మే ఆ ముక్కును తయారుచేసే విద్య వాళ్ళు పూర్తిగా నేర్పుతున్నారా, లేక అసలు కిటుకు దగ్గరకు వచ్చేసరికి తలుపు వేసుకుంటున్నారా? మొహమాటపడకు. నేర్చుకోవడానికి వెళ్ళినవాళ్ళకు సిగ్గు పనికిరాదు.

ఇక పంపు సంగతి. "పని జరిగిందని ఒక్క ముక్కలో చెప్పారు, ఎలా జరిగిందో ఎవరూ చెప్పరేం?" అని అడిగావు. చెబుతాను.

పంపుల ఇంజనీరు విరిగిన చక్రాన్ని గోనెసంచిలో మోసుకొచ్చి మన గుమ్మంలో పెట్టిన రోజు నీకు ఫోన్లో చెప్పాను గదా. పల్లపు వీధుల్లో చేరిన వాననీటిని కాలవలోకి తోసే పెద్ద పంపు అది. లోపల తిరిగే రెక్కల చక్రంలోకి ఏదో దుంగ దూరి, రెక్కలు విరిగిపోయాయి. ఆ పంపు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. వేరే దేశంలో చేయించి తెప్పించాలంటే నెలలు పడుతుంది. మన వడ్రంగి చెక్కతో నమూనా చెక్కి, దాన్నిబట్టి అచ్చు తీయాలన్నా, ఆ మెలితిరిగిన రెక్కలకు వారాలు కావాలి. వానలేమో ముంచుకొస్తున్నాయి. ఆయన కుర్చీ వేసినా కూర్చోలేదు. "మీ ఇసుక యంత్రం ఒక్కటే దిక్కమ్మా" అన్నాడు.

ముక్కలన్నీ పేర్చి, కెమెరాతో కొలతలు తీసి నీకు పంపాం. నువ్వు అక్కడినుంచి విరిగిన రెక్కలను కంప్యూటర్లో అతికించి, కొత్త చక్రం బొమ్మ తిప్పి పంపావు. ఆ బొమ్మను యంత్రానికి ఇచ్చింది నేనే, అమ్మాయీ. పొరమీద పొరగా ఇసుక పరవడం, ఆ పొర మీద ముక్కు అటూ ఇటూ నడుస్తూ జిగురు చిమ్మడం, మళ్ళీ ఇసుక పరవడం. నేను స్టూలు వేసుకుని కూర్చుని చూస్తూనే ఉన్నాను. వదులు ఇసుకను కుంచెతో దులిపేసరికి అచ్చు బయటపడింది. ఆ మలుపులూ ఆ సందులూ చూసి మేస్త్రీ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఈసారి వంక దొరకలేదు. జిగురు డబ్బా అడుగంటింది. కొత్తది ఓడరేవులో ఎక్కడో ఆగిపోయింది. అంటే ఆ అచ్చు చెడితే మరో అచ్చు లేదు.

పోత పోయాల్సిన రోజు తెల్లవారకముందే వాన మొదలైంది. మామూలు వాన కాదు, ఆకాశానికి చిల్లు పడ్డట్టు. మన పనివాళ్ళ ఇళ్ళు సగానికి సగం పల్లపు వీధుల్లోనే గదా. పిల్లల్నీ ముసలివాళ్ళనీ బడి మేడ మీదికి చేర్చి, ఒళ్ళంతా తడిసి ముద్దై వచ్చారు. "మీరు ఇళ్ళ దగ్గర ఉండండిరా" అన్నాను. "ఇంటి దగ్గరుండి చేసేదేముందమ్మా, చెంబుతో తోడతామా? ఆ చక్రం పోస్తే ఇల్లు అదే తేలుతుంది" అన్నాడు కప్పీ దగ్గర ఉండే పొడుగాయన. 

పొద్దున కొలిమి అంటించేటప్పటికి మన వాకిలి ఇంకా పొడిగానే ఉంది. అచ్చును గుంటలో దింపకుండా ఇటుకల దిమ్మె మీద ఎత్తుగా పెట్టించాను. కరిగిన ఇనుమూ నీళ్ళూ కలిస్తే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. ఒక్క చెంబెడు నీళ్ళు ఇనుము కిందికి చేరితే చాలు, పిడుగు మన షెడ్డులోనే పుడుతుంది. మీ మామగారి చెయ్యి మీద ఉన్న మచ్చ చూశావు గదా, అది ఒక్క తడి గరిటె చేసిన పని.

మధ్యాహ్నానికి పట్టపగలే దీపాలు వెలిగించుకునేంత చీకటి కమ్మింది. ఇనుము కరిగి, తెల్లగా చూపు నిలవనివ్వకుండా మెరుస్తోంది. కప్పీకి తొట్టి తగిలించారు. నిప్పులాంటి ఇనుముతో నింపాక ఆ తొట్టిని గొలుసుల మీద ఎత్తి, పైనున్న పట్టా వెంట అచ్చు పైకి నడిపించాలి. సరిగ్గా అప్పుడు వాకిట్లోకి నీళ్ళొచ్చాయి. గేటు కిందినుంచి చడీచప్పుడూ లేకుండా, పాము దూరినట్టు దూరాయి. కాళ్ళ కిందికి నీళ్ళు రావడమంటే ఊరికే మాట వరసకు అంటాం. ఆ రోజు కళ్ళతో చూశాను.

గుమ్మానికి ఇసుక బస్తాలు అడ్డం వేయించాను. అంతలో వెనకనుంచి మీ ఆయన కేక.

"అమ్మా! యంత్రం గదిలోకి నీళ్ళొస్తున్నాయి!"

పరుగెత్తాను. ఆ గది షెడ్డు కన్నా మూడు మెట్లు దిగువ. దుమ్ము రాదని నువ్వే ఏరి కోరి పెట్టించుకున్న చోటు. నీళ్ళు తలుపులోంచి రావడం లేదు. మూలనున్న తూములోంచి పైకి పొంగుతున్నాయి. గోనెలు కుక్కాం, పలక వేసి పైన రాయి పెట్టాం. పలకను తోసుకుని మరీ వస్తున్నాయి. యంత్రం కాళ్ళు అప్పటికే తడిసిపోయాయి.

"కప్పీ కావాలి," అన్నాడు అబ్బాయి. "గొలుసులు ఇటు తిప్పి దీన్ని మెట్ల పైకి లాగేద్దాం. అందరూ పడితే అవుతుంది."

"కప్పీకి తొట్టి ఉంది," అన్నాడు మేస్త్రీ.

"విప్పేద్దాం."

"విప్పి, దీన్ని ఎత్తి, మళ్ళీ అటు తగిలించేసరికి దిమ్మె చుట్టూ నీళ్ళు చేరతాయి బాబూ. అప్పుడు పోత పోయలేం. కొలిమిలో ఇనుము గడ్డకడుతుంది. అచ్చు తడుస్తుంది. ఇంక చక్రం మాట మర్చిపోవచ్చు."

అంతా అర్థమైంది గదా, అమ్మాయీ? ఉన్నది ఒక్క కప్పీ. ఉన్నవాళ్ళం గుప్పెడు మందిమి. ఒక పక్క పల్లపు వీధుల చక్రం, ఒక పక్క నీ యంత్రం. నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఆలోచించుకోవడానికి వ్యవధి లేదు. పనివాళ్ళందరూ నా మొహమే చూస్తున్నారు. వాళ్ళెవరూ 'మా ఇళ్ళమ్మా' అనలేదు. అని ఉంటే నాకే కాస్త తేలికయ్యేదేమో. 

మీ ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఒక్క మాట ఆమెను అడుగుతాను."

"వద్దు."

"అది ఆమె యంత్రం అమ్మా. ఒక్కొక్క మర తన చేత్తో బిగించుకుంది. ఇంకో వారంలో, పెట్టుబడి పెడతానన్న కంపెనీ ఆయన దాన్ని చూడ్డానికే వస్తున్నాడు. అడగకుండా ఎలా?"

"వద్దన్నానా."

"నువ్వెవరు వద్దనడానికి?"

పుట్టి బుద్ధెరిగాక వాడు నన్ను ఆ మాట అనలేదు. నేను వాడి చేతిలోంచి ఫోన్ లాక్కున్నాను. అప్పటికే నీ నంబరు మోగుతోంది. ఆపేశాను. కొంగులో ముడివేసి నడుముకు దోపుకున్నాను.

"తొట్టి పట్టుకో," అన్నాను.

 వాడు ఒక్క క్షణం నన్నలా చూసి, మెట్లెక్కి వెళ్ళి తొట్టి కడ్డీ పట్టుకున్నాడు. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

కొలిమి నోరు తెరిచారు. ఇనుము తొట్టిలోకి దూకింది. పొడుగాయన గొలుసు లాగుతున్నాడు, అబ్బాయీ మేస్త్రీ చెరో పక్క కడ్డీలు పట్టుకుని తొట్టిని నడిపిస్తున్నారు. నేను వాళ్ళ కాళ్ళ ముందు ఒక్క తడి చుక్క లేకుండా చీపురుతో ఊడుస్తూ, పొడి ఇసుక చల్లుతూ వెనక్కి నడుస్తున్నాను. సగం దారిలో తొట్టి అంచునుంచి ఒక బొట్టు జారి, ఎక్కడో తడి మీద పడింది. తుపాకి పేలినట్టు పేలింది. నిప్పు రవ్వలు లేచాయి. మేస్త్రీ ముంజేతి మీద పడ్డాయి. ఆయన పళ్ళు బిగించాడే గాని కడ్డీ వదల్లేదు. వదిలి ఉంటే తొట్టి ఒరిగేది, ఈ ఉత్తరం రాయడానికి నేనుండేదాన్ని కాదు. (గాబరాపడకు. పుండు మానింది, మచ్చ మిగిలింది. 'నేనిప్పుడు అయ్యగారి మచ్చల జట్టులో చేరానమ్మా' అని నాతో వేళాకోళమాడుతున్నాడు.)

పోత మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు గదా. ధార తెగకుండా పోశారు. అచ్చు పైన పెట్టిన రంధ్రాల్లోంచి నీలి మంటలు లేచాయి. ఇనుము పైకి వచ్చి అంచు దగ్గర నిలిచింది. "చాలు!" అన్నాడు మేస్త్రీ. నీళ్ళు అప్పటికి బస్తాలు దాటి, దిమ్మె మొదటి ఇటుకను నాకుతున్నాయి.

పోత నిలిచింది, కోడలా. ఇసుక పగలగొట్టినప్పుడు రెక్కలన్నీ నువ్వు గీసినట్టే ఉన్నాయి. నునుపు చేయించి, పడవ మీద పంపుల ఇంటికి చేర్చాం. ఇంజనీరు మీట నొక్కాక పంపు ఒకసారి దగ్గి, ఒణికి, ఆ తర్వాత నీళ్ళను గట్టిగా పట్టుకుంది. పల్లపు వీధుల గోడల మీద నీటిగీత మెల్లగా కిందికి జారడం జనం మేడల మీద నిలబడి చూశారు. ఒక్క ప్రాణం పోలేదు. బాగు చేసుకోవాల్సినవి చాలా ఉన్నాయి గాని, ఇళ్ళు నిలిచాయి.

ఇక నేను చివరికి ఉంచుకున్న ప్రశ్న. "ఆయన వీడియోలో మాట్లాడుతున్నప్పుడు యంత్రం గది చూపించమంటే ఎప్పుడూ ఏదో వంక పెడుతున్నారు. ఎందుకు?"

చూపించడానికి అక్కడేమీ లేదు కాబట్టి.

పోత పూర్తవుతూనే అబ్బాయి వెనక గదిలోకి దూకాడు. ఆ గదికి కరెంటు ముందే తీయించాను. నడుములోతు బురదనీళ్ళు. ముక్కునైనా దక్కించుకుందామని మునిగి, చేతితడుముడు మీదే మరలు విప్పి, చొక్కాలో చుట్టుకుని పైకి తెచ్చాడు. దాని సన్న రంధ్రాల్లో ఒండ్రు నిండిపోయి ఉంది. మిగతాదంతా నీళ్ళు తీశాక చూశాం. మోటార్లు పోయాయి. పట్టాలు వంకరపోయాయి. కంప్యూటరు పెట్టెలోంచి బురద కారింది. గీతలన్నీ నీ దగ్గర భద్రంగానే ఉన్నాయని నాకు తెలుసు. కాని గీతలు వేరు, యంత్రం వేరు. ఏ పట్టీ ఎంత బిగించాలో, ఏ ఇసుకకు ఎంత జిగురు పడుతుందో వేలసార్లు చెడగొట్టి, బాగుచేసి నువ్వు దాన్ని మచ్చిక చేసుకున్నావు. ఆ మచ్చికంతా నీళ్ళపాలు చేశాను.

అబ్బాయి మీద కోప్పడకు. నేనే రాస్తాను, నేను రాసేదాకా నోరు విప్పొద్దని వాడితో ఒట్టు వేయించుకున్నాను. కక్కలేక మింగలేక వాడు సగమైపోయాడు. నీతో మాట్లాడి ఫోన్ పెట్టేసి, కాసేపు ఎవరికీ కనపడకుండా వెళ్ళి కూర్చుంటున్నాడు. ఆ పాపం నాది.

ఫోన్ ఎందుకు లాక్కున్నానని నువ్వు అడుగుతావు. 'వ్యవధి లేదు' అని రాసేయొచ్చు. అది సగం నిజమే. పూర్తి నిజం ఇది. ఫోన్ మోగిన ఆ క్షణంలో నీ రెండు జవాబులూ నాకు వినిపించాయి. నువ్వు 'పోత పోయండి అత్తయ్యా' అని ఉంటే, నీ యంత్రాన్ని నీ నోటితోనే చంపించినదాన్నయ్యేదాన్ని. పరాయి దేశంలో ఒంటరి గదిలో కూర్చుని ఆ మాట నువ్వు జీవితాంతం మోయాల్సి వచ్చేది. 'యంత్రాన్ని కాపాడండి' అని ఉంటే, నేను నీ మాట కాదని పోసేదాన్ని. ఆ తర్వాత నీ మొహం చూడలేకపోయేదాన్ని. పల్లపు వీధులవాళ్ళ మొహం చూస్తూ నువ్వూ ఇక్కడ తిరగలేకపోయేదానివి. రెండు జవాబులకూ భయపడ్డాను. ఇది నీ మీద దయో, నా పిరికితనమో నాకు తెలియదు. ఏదైనా గాని, నీ సొత్తు గురించి నిన్ను అడగకుండా తీర్పు చెప్పాను. అత్తననే పెత్తనంతో చెప్పాను. మళ్ళీ ఆ గడియ వస్తే ఆ చక్రమే పోస్తాను. కాని ఫోన్ లాక్కుంటానా అంటే, ఏమో, ఇన్నాళ్ళుగా ఆలోచిస్తున్నా జవాబు తెగలేదు.

కంపెనీ ఆయన చెప్పిన రోజుకే వచ్చాడు. తెల్ల చొక్కా, బురదలో కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియని నడక. యంత్రం ఏదన్నాడు. చూపించాను. చాలాసేపు చూసి, "ఇది పనిచేసిందనడానికి ఏముంది?" అన్నాడు. పంపుల ఇంటికి తీసుకెళ్ళాను. ఆ హోరులో ఆయన నాతో ఏదో అన్నాడు, వినపడలేదు. బయటికి వచ్చాక మళ్ళీ చెప్పాడు. "నేను యంత్రం చూడ్డానికి వచ్చానమ్మా, పంపు చూడ్డానికి కాదు. మళ్ళీ నడిచిన రోజున కబురు చేయండి." ఆయన తప్పేమీ లేదు. మంచి మాటే చెప్పాడు. కారెక్కేదాకా నిటారుగా నిలబడ్డాను. ఆ తర్వాత మోకాళ్ళ మాట విన్నాను.

మరునాడు పొద్దున్నే పల్లపు వీధులవాళ్ళు పారలూ తట్టలూ పట్టుకుని వచ్చేశారు. ఎవరు పిలిచారో తెలియదు. గదిలో ఒండ్రంతా ఎత్తి పోశారు. తూము మూసి సిమెంటు చేశారు. యంత్రాన్ని మెట్ల పైకి, ఎత్తున్న చోటికి మోశారు. ఇప్పుడు కదిపితే ఏం లాభమని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ముక్కు నీ బల్ల మీద, మీ ఆయన చొక్కాలోనే ఉంది. దాని మీద ఎవర్నీ చెయ్యి వేయనివ్వలేదు. విప్పితే నువ్వే విప్పాలి.

ఇంకొక్క సంగతి. చట్రం ఇనుపరేకులతో అతికించింది కావడంవల్ల యంత్రం నడిచేటప్పుడు ఒణుకుతోందనీ, ఆ ఒణుకువల్లే అచ్చు అంచులు మసకగా వస్తున్నాయనీ నువ్వు గొణుక్కునేదానివి గదా. మేస్త్రీ, వడ్రంగి, నేను కూర్చుని మాట్లాడుకున్నాం. పోత ఇనుముతో ఒక్క ముక్కగా చట్రం పోస్తే ఒణకదని మేస్త్రీ అన్నాడు. వడ్రంగి పాత చట్రం కొలతలు తీసుకుని చెక్క నమూనా చేశాడు. నిన్న అచ్చు తీశాం. షెడ్డు మధ్యలో, పొడి నేల మీద సిద్ధంగా ఉంది. మోటార్లకు రంధ్రాలు పాత చోటనే ఉండాలా, నువ్వు అక్కడ నేర్చుకున్న కొత్త పద్ధతికి జరపాలా, అసలు ఈ చట్రమే నీకు వద్దా, మాకు తెలియదు. కొలతల బొమ్మ ఈ ఉత్తరంతో పాటు పెట్టాను.

పొద్దున మేస్త్రీ కొలిమి అంటించమంటారా అని అడిగాడు. వద్దన్నాను. "ఎంతసేపు ఆగాలమ్మా?" అన్నాడు. "కోడలు చెప్పేదాకా" అన్నాను.

అబ్బాయి పక్కనే ఉన్నాడు.  ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. నేను తిరిగి వాడికే ఇచ్చేశాను. ముందు ఈ ఉత్తరం నీకు చేరనీ. చదువుకో. తిట్టుకో. ఏడుపొస్తే ఏడువు. ఆ తర్వాత నువ్వే ఫోన్ చెయ్యి. పొయ్యమంటే పోస్తాం, పగలగొట్టమంటే పగలగొడతాం. ఈసారి నిన్ను అడగకుండా ఒక్క బొట్టు ఇనుము కూడా కరగదు.

ఇట్లు,
నీ మాట కోసం కొలిమి ఆర్పుకుని కూర్చున్న
మీ అత్తయ్య